తెలుగు రేడియోలో డిటెక్టివ్ ఎందుకు నిలవలేదు?

పాత రేడియో నాటకాల మాట వచ్చిందంటే తెలుగువాళ్ళ నోట వినిపించే పేర్లు దాదాపు అవే. గణపతి, కన్యాశుల్కం, వరవిక్రయం, చలం పురూరవ. నండూరి సుబ్బారావు గొంతు, శారదా శ్రీనివాసన్ గొంతు. ఆ జాబితాలో హత్య కేసు ఒక్కటీ ఉండదు. గూఢచారి ఉండడు, నిధి కోసం పడవెక్కినవాడూ ఉండడు. అదే వయసు అమెరికా పెద్దాయన్ని అడగండి, మొదట వచ్చే పేర్లు షాడో, లోన్ రేంజర్, గ్రీన్ హార్నెట్. సాహిత్యం ఊసు ఆ తర్వాత ఎప్పటికో.

దీన్ని చూసి మనవాళ్ళ అభిరుచి గొప్పదని భుజాలు చరుచుకునేవాళ్ళున్నారు. నాకు ఒప్పుదల లేదు. కన్యాశుల్కం విన్న ఆ శ్రోతే సాయంత్రం అద్దె పుస్తకాల షాపుకి వెళ్ళి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల తెచ్చుకుని, దిండు కింద పెట్టుకుని, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక చదివాడు. ఆకలి ఉంది. రేడియో వడ్డించలేదు, అంతే. ఎందుకు వడ్డించలేదో, ఆ ఆకలి ఎక్కడెక్కడ తీరిందో, ఇప్పుడు మా హైదరాబాదు బోరబండ గల్లీల్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరిగే కుర్రాళ్ళ దాకా ఎలా వచ్చిందో చూద్దాం.

ముందు అమెరికా సంగతి. 1930లో ఒక ప్రచురణ సంస్థ తన డిటెక్టివ్ పత్రిక అమ్ముకోవడానికి రేడియోలో కథలు చదివించింది. ఆ కథలు చెప్పేవాడికి ‘ది షాడో’ అని పేరు పెట్టారు. జనం షాపులకి వెళ్ళి డిటెక్టివ్ పత్రిక కాదు, ఆ షాడో పత్రిక ఇమ్మన్నారు. కథకుడే కథానాయకుడైపోయాడు. 1937లో అది పూర్తి నాటకంగా మారినప్పుడు షాడో గొంతు ఆర్సన్ వెల్స్‌ది. అప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. ఆయన వెళ్ళిపోయినా కార్యక్రమం 1954 డిసెంబరు దాకా నడిచింది. డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజడ్ అనే స్టేషన్ 1933లో లోన్ రేంజర్‌ని, 1936లో గ్రీన్ హార్నెట్‌ని పుట్టించింది. ఈ రెండో హీరో మొదటి హీరో అన్న మనవడని కథలోనే ముడి పెట్టారు. మన సినిమా కుటుంబాల లెక్కలు తెలిసిన ఫిల్మ్‌నగర్‌లో దీన్ని వివరించక్కర్లేదు.

ఇవన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావు. వారానికోసారి అరగంటలో తేలిపోయే కేసులు ఒక రకం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పావుగంట నడిచే అసలు సిసలు సీరియళ్ళు ఇంకో రకం. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి సరిపెట్టిన ‘లిటిల్ ఆర్ఫన్ యానీ’, ‘జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్’ ఈ రెండో రకానివి. హీరో కొండ అంచున వేలాడుతుండగా పావుగంట అయిపోతుంది. మర్నాడు సాయంత్రం దాకా పిల్లాడికి అన్నం సయించదు. ఈ పావుగంట పుణ్యం రచయితలది అనుకుంటాం గానీ, అసలు యజమాని వేరే. యానీకి డబ్బు పెట్టింది ఓవల్టీన్ అనే పానీయం. జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి వీటీస్ అనే అటుకుల్లాంటి పొట్టు తిండి. షాడోకి చాలా కాలం ఒక బొగ్గు కంపెనీ. ఓవల్టీన్ డబ్బా మూతలోపలి సీలు చింపి పోస్టులో పంపితే పిల్లాడికి ఒక బిళ్ళ వచ్చేది. ఆ బిళ్ళ తిప్పితే, కార్యక్రమం చివర చదివే అంకెలు అక్షరాలై రేపటి కథ గురించి ఒక రహస్యం చెప్పేవి. ఓవల్టీన్ మన ఇళ్ళకీ వచ్చింది. బిళ్ళ రాలేదు.

ఇంకో తమాషా. 1931లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఒక సీరియల్ హీరో పేరు చందూ. పేరు చూసి మనవాడనుకునేరు. ఫ్రాంక్ చాండ్లర్ అనే అమెరికావాడు, భారతదేశంలో ఒక యోగి దగ్గర మంత్రవిద్య నేర్చుకుని వచ్చి దుష్టుల పని పడుతుంటాడు. షాడో మనుషుల కళ్ళు కప్పే విద్య కూడా తూర్పు దేశాల్లో నేర్చినదే. అంటే వాళ్ళు తమ పిల్లలకి థ్రిల్లు పంచడానికి మన యోగుల్ని అరువు తెచ్చుకున్నారు. అదే కాలంలో మన దేశపు రేడియో మాత్రం యోగులూ మంత్రగాళ్ళూ తన గౌరవానికి తగరనుకుంది.

అమెరికా సీరియళ్ళని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. చాలా భాగం చెత్త. రోజుకో పావుగంట నింపాలంటే నిన్నటి కథ ఇవాళ మళ్ళీ చెప్పాలి, రేపటిది కాస్త ఊరించాలి, మధ్యలో సబ్బు గురించి మాట్లాడాలి. మిగిలిన నిమిషాల్లో జరిగేది తలుపు తీయడం, తలుపు వేయడం. విలన్ చైనావాడో అరబ్బో అయి ఉండేవాడు, నల్లవాళ్ళు నవ్వులాటకి ఉండేవాళ్ళు. 1938 అక్టోబరు 30న వెల్స్ చేసిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నాటకానికి దేశమంతా రోడ్డు మీదికి పరుగెత్తిందనే కథ కూడా, రేడియో మీద కడుపుమంటతో ఉన్న పత్రికలు పెంచి రాసినదేనని తర్వాత పరిశోధకులు తేల్చారు. భయపడ్డవాళ్ళు ఉన్నారు, దేశం మొత్తం కాదు.

అయితే ఆ రాశిలో మంచి నాటకం దొరికితే, అది రేడియోలో తప్ప ఇంకెక్కడా అలా పండదు. ‘సస్పెన్స్’ శీర్షికలో 1943 మే 25న వచ్చిన ‘సారీ, రాంగ్ నంబర్’ అలాంటిది. రచన లూసిల్ ఫ్లెచర్, ప్రధాన పాత్ర ఆగ్నెస్ మూర్‌హెడ్. మంచం దిగలేని ఒకావిడ భర్తకి ఫోను చేయబోతుంది. లైన్లు కలిసిపోయి, ఇద్దరు మగవాళ్ళు ఆ రాత్రి ఒక ఆడమనిషిని చంపడం గురించి మాట్లాడుకోవడం వినిపిస్తుంది. ఆపరేటర్‌కి చెబుతుంది, పోలీసులకి చెబుతుంది. ఎవరూ పట్టించుకోరు. అరగంటలో ఆవిడ గొంతు చిరాకు నుంచి అనుమానానికి, అనుమానం నుంచి గుండె పట్టేసే భయానికి ఎక్కుతుంది. చావబోయే మనిషెవరో ఆవిడకి అర్థమయ్యేలోపు మనకి అర్థమైపోతుంది. ఫోను డయలు తిరిగే చప్పుడు, ఎంగేజ్ టోను, దూరంగా రైలు — నాటకంలో సామగ్రి ఇంతే. ఆవిడకున్న ఆధారం చెవి ఒక్కటే, మనకీ అంతే. 1948లో దీన్ని సినిమా తీశారు. చూస్తే బాగానే ఉంటుంది. రేడియో నాటకం విన్నవాడికి మాత్రం తెర మీద ఆ గది కనపడగానే భయం సగం తగ్గిపోతుంది.

టెలివిజన్ వచ్చాక కంపెనీలు డబ్బు అటు మళ్ళించాయి. 1962 సెప్టెంబరు 30న ‘సస్పెన్స్’, బీమా కంపెనీ పరిశోధకుడి కథలు చెప్పే ‘జానీ డాలర్’ ఒకే రోజు ఆగిపోయాయి. ఆ రోజుతో ఆ యుగం ముగిసిందని పాత రేడియో నాటకాల సేకర్తలు లెక్కేస్తారు.

ఇక మన రేడియో. మహబూబ్ అలీ అనే ఆయన 1930ల్లో హైదరాబాదులో సొంతంగా మొదలుపెట్టిన కేంద్రం నిజాం ప్రభుత్వం చేతికి వెళ్ళి దక్కన్ రేడియో అయింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. ఆ ఏడాదే అక్కణ్ణుంచి వచ్చిన ముద్దుకృష్ణ ‘అనార్కలి’ని తొలి తెలుగు రేడియో నాటకంగా చెప్పుకుంటాం. విజయవాడ 1948 డిసెంబరు 1న వచ్చింది. ఈ మూడు చోట్లా పనిచేసినవాళ్ళ పేర్లు చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, గోపీచంద్, స్థానం నరసింహారావు, బాలాంత్రపు రజనీకాంతరావు, దాశరథి, రావూరి భరద్వాజ, గొల్లపూడి మారుతీరావు. ఒక భాష సాహిత్యం మొత్తం జీతాల పట్టీ మీద సంతకం పెట్టినట్టుంటుంది. వీళ్ళని కూర్చోబెట్టి, బొగ్గు కంపెనీ కోసం దొంగల కథ రాయమని ఎవరు అడుగుతారు?

అడగాల్సిన బొగ్గు కంపెనీ అసలు లోపలికే రాలేదు. ఆకాశవాణిలో అప్పట్లో ప్రకటనలు లేవు. లైసెన్సు రుసుముతో, ప్రభుత్వం డబ్బుతో నడిచే సంస్థ. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటనే గడప దాటనివ్వలేదు. శ్రోతలు మొహమాటపడకుండా రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. పోయిన శ్రోతల కోసం 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టారు. అందులోకీ ప్రకటనలు వచ్చింది 1967లో, బొంబాయి వైపు. అప్పటికి అమెరికాలో సీరియల్ చచ్చి అయిదేళ్ళు. హిందీలో మాత్రం ఆ కాస్త సందులోంచే ఒక డిటెక్టివ్ దూరాడు. పేరు ఇన్‌స్పెక్టర్ ఈగిల్. డబ్బు ఎవరిదో పేరే చెబుతుంది, ఈగిల్ ఫ్లాస్కు కంపెనీది. ఇన్‌స్పెక్టర్ ఫ్లాస్కు తాలూకు మనిషని ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. తెలుగులో అలా ఒక పేరు నిలబడేంత పెద్ద సరుకు, దాన్ని అమ్ముకునేంత పెద్ద తెలుగు కంపెనీ ఆనాడు లేవు. నా లెక్కలో అసలు కారణం ఇదే. అభిరుచి, సంస్కారం, సంప్రదాయం అన్నవి తర్వాత కట్టిన కథలు.

అలాగని సీరియల్ పద్ధతి మన రేడియోకి తెలియదనడం తప్పు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం ఏళ్ళ తరబడి పలకరించారు. మద్రాసులో మొదలై హైదరాబాదుకి వచ్చిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల్ని ఆదివారానికి కట్టిపడేశారు. 1990ల మొదట్లో మానవ వికాసం మీద 144 భాగాల సైన్సు ధారావాహిక తెలుగుతో సహా చాలా భాషల్లో వచ్చింది. పాత్రలు తెలుసు, వారం వారం వినిపించడమూ తెలుసు. రేపు ఏమవుతుందోనన్న భయాన్ని మాత్రం వాడుకోలేదు. పొలానికి ఎరువు, కుటుంబానికి నియంత్రణ, పిల్లలకి నీతి, ఈ మూడింటిలో దేనికీ ఆ భయంతో పని పడలేదు.

ఈ కట్టడిలోనే మన రేడియో సాధించింది తక్కువేమీ కాదు. హైదరాబాదు కేంద్రం చేసిన ‘పురూరవ’ తీసుకోండి. చలం రాసింది రంగస్థలానికి ఏ మాత్రం పనికొచ్చే నాటకం కాదు. ఊర్వశి మాట్లాడుతూనే ఉంటుంది, కదలిక లేదు, సన్నివేశం మారదు. స్టేజీ మీద పెడితే పది నిమిషాల్లో కుర్చీలు చప్పుడవుతాయి. రేడియోలో శారదా శ్రీనివాసన్ ఊర్వశి అయ్యేసరికి ఆ మాటల మధ్య ఊపిరి ఒక పాత్ర అయి కూర్చుంది. ఎక్కడ ఆగిందో, ఎక్కడ గొంతు తగ్గించి పక్కకి తప్పుకుందో వింటే, ‘సారీ, రాంగ్ నంబర్’లో మూర్‌హెడ్ చేసిన పనే ఇంకో దారిలో జరిగిందని తెలుస్తుంది. ఆవిడ తన రేడియో రోజుల మీద రాసిన జ్ఞాపకాల పుస్తకం ఈ విషయంలో మనకున్న కొద్దిపాటి మంచి సాక్ష్యాల్లో ఒకటి. ఇలాంటి గొంతుకి ఒక మంచి నేరకథ దొరికి ఉంటే అన్న దుగ్ధ నన్ను వదలదు.

రేడియో వదిలేసిన సరుకుని అచ్చు అందుకుంది. 1947లో వచ్చిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ నెలకోసారి వచ్చే యానీ, చందూలే. మాంత్రికుడు కత్తి ఎత్తగానే ‘ఇంకా ఉంది’. పావుగంట బదులు నెల రోజులు ఉగ్గబట్టుకోవడం. పెద్దవాళ్ళకి కొమ్మూరి. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మద్రాసు వీధుల్లో కారేసుకుని తిరిగారు. ‘ఉరితాడు’, ‘చావుకేక’ వంటి పేర్లు చూస్తేనే రేడియో కోసం పెట్టినట్టుంటాయి. యుగంధర్ కథలు నడిచేది సంభాషణ మీద. వర్ణన తక్కువ, ఫోను ఎక్కువ. ఒక్క వాక్యం మార్చకుండా మైకు ముందు పెట్టొచ్చు. ఆరుద్ర అంతటివాడు అపరాధ పరిశోధన రాశాడు, 1966లో కృష్ణని ‘గూఢచారి 116’ చేసిన సినిమాకీ కలం పట్టాడు. 1970ల నుంచి మధుబాబు రాజ్యం. ఆయన హీరో పేరూ షాడోనే. అమెరికా షాడోతో ఈయనకి చుట్టరికం లేదు, ఈయన సీఐబీ ఏజెంటు, చీఫ్ కులకర్ణి చెప్పినట్టు వింటాడు, లేదా విననట్టు వింటాడు. బస్టాండు పుస్తకాల బంకులో ఆ పేరున్న అట్ట కనిపిస్తే బస్సు పోయినా ఫర్వాలేదనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

చెవికి వినిపించే కథని మధ్యలో ఆపి డబ్బు రాబట్టే విద్య మనకి కొత్తదనుకోవడమూ పొరపాటు. బుర్రకథలో కథ మంచి పట్టులో ఉండగా గుమ్మెట ఆగుతుంది. ఫలానా వారు కళాకారులకి ఇంత చదివించారని పేర్లు వస్తాయి, దీవెనలు వస్తాయి, జనం గొణుగుతారు, మళ్ళీ కథ. ఓవల్టీన్ వాడు చేసింది ఇదే, గుమ్మెట లేదంతే. బుర్రకథ నాజర్ దళం కథ విన్నవాళ్ళ మనవలకి ప్రకటనతో కూడిన సీరియల్ అర్థం కాదని ఆకాశవాణి అధికారులు ఎలా అనుకున్నారో!

అచ్చుతో పాటు ఆ ఆకలి తీర్చింది సినిమా, అదీ బొమ్మ లేని సినిమా. వివిధభారతిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని వచ్చేది. మూడు గంటల సినిమా సౌండ్‌ట్రాక్‌ని గంటకి కుదించి వినిపించేవాళ్ళు. చూసిన సినిమా అయితే బొమ్మ గుర్తుకొస్తుంది. చూడని సినిమా అయితే? ఆ గుర్రం ఎటు పోతోంది, ఆ కత్తి ఎవరికి తగిలింది, ఆ కేక ఎవరిది అన్నవి శ్రోతే కట్టుకోవాలి. తెలియకుండానే మన పల్లెలు రేడియో థ్రిల్లర్ వినడం నేర్చుకున్నది ఇక్కడే. తర్వాత డైలాగుల రికార్డులు వచ్చాయి. 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’లో ముళ్ళపూడి వెంకటరమణ రాసిన కంట్రాక్టరు మాటలు రావు గోపాలరావు గొంతులో పెళ్ళి పందిళ్ళ మైకుల్లోంచి ఊరంతా మోగాయి. కోపం లేకుండా, గొంతు పెంచకుండా, తీరుబాటుగా హత్య గురించి మాట్లాడే విలన్. అమెరికా రేడియో ముప్పై ఏళ్ళలో అంత చల్లని విలన్‌ని ఎందరిని తయారుచేసిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అలా మన రేడియో థ్రిల్లర్ తాలూకు నటులు సినిమా డబ్బింగు గదుల్లో పెరిగారు. రేడియో నుంచే సినిమాకి నడిచినవాళ్ళూ ఉన్నారు. జగ్గయ్య ఢిల్లీలో తెలుగు వార్తలు చదివి వచ్చినవాడు, సుత్తి వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణి మనిషి. ఒక ఇంటినే తీసుకుంటే, పి.జె. శర్మ రంగస్థలం మీంచి వచ్చి గొంతు అరువిచ్చిన నటుడు. పెద్దకొడుకు సాయికుమార్ గొంతు లేకుండా ‘అంకుశం’ రాజశేఖర్‌ని ఊహించలేం. ఇంకో కొడుకు రవిశంకర్ 2009లో ‘అరుంధతి’ పశుపతికి గొంతిచ్చాక ఇంటిపేరే ‘బొమ్మాళి’ అయిపోయింది. తెర మీద ఉన్నది సోనూసూద్. పిల్లలు దుప్పటి ముసుగేసుకున్నది మాత్రం గొంతుకి. రెండు కళ్ళూ మూసుకున్నా వదలని భయం రేడియో భయమే.

ఈ పరిశ్రమ ఉన్నది మా బోరబండ కొండకి ఆ పక్కన. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో స్టూడియోలు, ఎడిటింగు గదులు, డబ్బింగు థియేటర్లు. వాటిలో లైట్లు మోసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు, గుంపు గొంతుల్లో అరిచేవాళ్ళు బోరబండ, రహ్మత్‌నగర్, కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఉంటారు. కాల్‌షీటు ఉన్నరోజు తెల్లారకముందే కృష్ణానగర్ వైపు నడక, లేనిరోజు ఎదురుచూపు. ఆ ఎదురుచూపులో ఇప్పుడు చెవిలో ఏదో ఒకటి మోగుతుంటుంది. పాట అనుకునేవాణ్ణి. బోరబండ సైట్-3 దగ్గర టీ కొట్టులో ఒక కుర్రాడు, ఇయర్‌ఫోను ఒకటి తీసి, “అన్నా, నూట ఎనభయ్యో ఎపిసోడ్ నడుస్తోంది, కాసేపు ఆగు” అన్నాక తెలిసింది అది సీరియల్ అని.

పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం లాంటి యాప్‌లలో తెలుగు సీరియళ్ళు గుట్టలుగా ఉన్నాయి. ఒక్కో భాగం కొద్ది నిమిషాలు, వందల భాగాలు. తాంత్రికుడు, శాపం, బిలియనేర్ అల్లుడు, పునర్జన్మ. సరిగ్గా ముడి పడ్డచోట ఆగుతుంది, తర్వాతి భాగానికి నాణేలు అడుగుతుంది. గుమ్మెట, ఓవల్టీన్, ఈ నాణెం ఒకే వంశం. ఇంకా విచిత్రం, 2018లో మనదేశంలో పుట్టిన ఈ పాకెట్ ఎఫ్ఎం ఇప్పుడు అమెరికాలో అమెరికావాళ్ళకే ఆడియో సీరియళ్ళు అమ్ముతోంది, ఆదాయంలో పెద్ద వాటా అక్కణ్ణుంచే. 1962లో వాళ్ళు మూసేసిన దుకాణాన్ని మనవాళ్ళు వెళ్ళి తెరిచారు.

ఈ కొత్త సీరియళ్ళని విని రాస్తున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఎక్కువ భాగం ఇతర భాషల నుంచి తెచ్చి పేర్లు మార్చినవి. భాష చూస్తే తెలిసిపోతుంది. ఏ ఊరివాడూ మాట్లాడని తెలుగు, ‘అతను ఆమె వైపు కోపంగా చూశాడు’ అని ప్రతి రెండు నిమిషాలకీ ఒక కథకుడి వ్యాఖ్యానం. రేడియో కళలో మొదటి పాఠం అది చెప్పకపోవడమే, కోపం గొంతులో వినిపించాలి. వెనక సంగీతం మాత్రం ఆగదు. మౌనానికి చోటు లేదు. ‘పురూరవ’లో ఊపిరి ఆగిన చోటుని ఇక్కడ వయొలిన్లు కప్పేస్తాయి. ఇక యంత్రం గొంతులు వచ్చి కూర్చుంటున్నాయి. వందల భాగాలకి మనుషుల చేత చదివించడం కంటే చవక కాబట్టి కంపెనీలు అటే చూస్తున్నాయి. డబ్బింగు మీద బతికే గల్లీలకి ఇది ఆటవిడుపు సంగతి కాదు.

మరోవైపు పాత సంపద చెదిరిపోయి ఉంది. అమెరికా సీరియళ్ళు ప్రత్యక్ష ప్రసారాలైనా, పదహారంగుళాల ప్లేట్ల మీద ఎక్కించి దాచినవి వేలల్లో మిగిలాయి, సేకర్తలు వాటిని పంచుకున్నారు. మన దగ్గర టేపు ఖరీదు, కొత్త రికార్డింగు కోసం పాతది చెరిపేయడం మామూలు. మిగిలినవాటిలో కొన్నిటిని జర్మనీలో ఉండే పరుచూరి శ్రీనివాస్ లాంటివాళ్ళు ఓపిగ్గా సేకరించి ‘ఈమాట’ వెబ్ పత్రిక ద్వారా వినిపించారు. కాలిఫోర్నియాలో ‘కౌముది’ వెబ్ పత్రిక నడిపే కిరణ్‌ప్రభ ఒక్క గొంతుతో గంటల తరబడి కథల్నీ జీవితాల్నీ చెబుతుంటే వేలమంది వింటున్నారు. వయొలిన్లు లేవు, నాణేలు లేవు. తెలుగు చెవికి ఓపిక లేదనే వాదనకి ఆయన శ్రోతలే జవాబు.

యాప్ కంపెనీలకి కావలసింది వందల భాగాల కథ. యుగంధర్ కేసులూ మధుబాబు షాడో సాహసాలూ కలిపితే అంతకు తక్కువ కాదు, పైగా తెలుగులోనే ఆలోచించి రాసినవి. హక్కులు రచయితలవీ వారసులవీ కాబట్టి, వాళ్ళతో కూర్చుని ఒప్పందం రాసుకుని, మంచి గొంతుల్ని పిలవాలి. గొంతులు దూరంగా లేవు, కృష్ణానగర్ చౌరస్తాలో పొద్దున్న అయిదింటికి నిలబడి ఉంటాయి. ఖర్చు సినిమాలో ఒక పాటకి వేసే సెట్టు కంటే తక్కువ. యుగంధర్‌కి ఏ గొంతు అన్న దాని మీద మాత్రం పెద్ద తగాదా అవుతుంది. నా ఓటు కాస్త అలిసినట్టుండే, అరవని గొంతుకి.